ప్రోటాన్ కోసం చందాలు పోగేసే ముందు క్యాలెండర్ చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మైదుకూరు దగ్గర హైస్కూల్లో మీతో పాటు పదో తరగతి చదివిన ఒకాయన ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. ఆయన ఆరేళ్ళ కొడుక్కి చిన్నమెదడులో గడ్డ వచ్చింది, ఆపరేషన్ అయి 12 రోజులైంది. బయాప్సీలో మెడలోబ్లాస్టోమా అని, అంటే పిల్లల్లో వచ్చే ఒక రకం మెదడు క్యాన్సర్ అని తేలింది. మామూలు రేడియేషన్ కంటే ప్రోటాన్ కిరణాలతో ఇచ్చే రేడియేషన్ మంచిదని ఎవరో చెప్పారు, దానికి పాతిక ముప్పై లక్షలు అవుతుందన్నారు. మీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఇప్పటికి 6 లక్షల 40 వేలు పోగయ్యాయి. మిగతాది ఎలా తేవాలి, ఇలాంటి పిల్లలకు సాయం అందే దారులు ఏమున్నాయి అని అడిగారు.

ముందు నా సంగతి చెప్తాను. నేను డాక్టర్ని కాను, రేడియోథెరపీ టెక్నాలజిస్టుని. డాక్టరు, డోసు లెక్కలు కట్టే ఫిజిసిస్టు కలిసి వేసిన ప్లాన్ ప్రకారం రోగిని బల్ల మీద పడుకోబెట్టి, గుర్తులు సరిచూసి, తలుపు మూసి బయటికొచ్చి మిషన్ ఆన్ చేసే మనిషిని. 27 ఏళ్ళు చేశాను, ఎక్కువ భాగం చెన్నైలో, చివరి పదేళ్ళు దాదాపు పిల్లలతోనే. రిటైరయ్యాక కడపకు వచ్చేశాను. కాబట్టి డోసు గురించీ మందుల గురించీ మీ డాక్టరు మాటే వినండి. డబ్బు ఎక్కడ పెడితే బిడ్డకు అక్కరకొస్తుందో మాత్రం నేను చెప్పగలను.

మీరు రాసినదాంట్లో నా కన్ను పడింది పాతిక లక్షల మీద కాదు, ఆ 12 రోజుల మీద.

ఈ జబ్బులో ఆపరేషన్ తర్వాత రేడియేషన్ సాధారణంగా నెల రోజులకు అటూ ఇటూగా, మహా అయితే ఆరు వారాల్లోపు మొదలుకావాలి. గడ్డ తీసేసినా కణాలు వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలో తిరుగుతూ ఉండొచ్చు, అందుకే ఆగరు. 12 రోజులు అయిపోయాయి. ఆస్పత్రికి వెళ్ళి మాస్కు చేయించుకోవడం, సీటీ సిమ్యులేషన్ (ప్లాన్ కోసం తీసే స్కాన్), ప్లాన్ తయారవడం, దాన్ని చెక్ చేయడం, వీటికే వారం పది రోజులు పోతాయి. అంటే చందాలకు మీ చేతిలో ఉన్నది ఇంకో వారం. ఈ వారంలో 20 లక్షలు వస్తాయా? వస్తే సంతోషం. రాకపోతే, డబ్బు పోగయ్యేదాకా ఆగుదాం అన్న మాట మీ గ్రూపులో ఎవరి నోటా రాకూడదు. ఆలస్యంగా మొదలైన ప్రోటాన్ కంటే వేళకు మొదలైన మామూలు లీనాక్ (ఎక్స్‌రే ఇచ్చే మిషన్) రేడియేషన్ మేలు. నాతో పనిచేసిన డాక్టర్లందరూ ఈ విషయంలో ఒకే మాట మీద ఉండేవారు.

ఇక ప్రోటాన్ అంటే ఏమిటో చెప్తాను, ఎందుకంటే మీ గ్రూపులో దాన్ని లేటెస్ట్ మిషన్ అనుకుంటున్నట్టున్నారు. ఆలోచన పాతదే. రాబర్ట్ విల్సన్ అనే భౌతిక శాస్త్రవేత్త 1946లోనే ప్రోటాన్లతో క్యాన్సర్‌కు చికిత్స చేయొచ్చని రాశాడు, 1954లో అమెరికాలోని బర్క్‌లీలో మొదటి రోగికి ఇచ్చారు. మామూలు రేడియేషన్ ఎక్స్‌రే కిరణం. అది ఒంట్లోకి ఒకవైపు నుంచి వెళ్ళి గడ్డను తాకి రెండోవైపు నుంచి బయటికి పోతుంది. దారిలో ఉన్నవన్నీ ఎంతో కొంత డోసు తింటాయి. ప్రోటాన్ అలా కాదు, దానికి ఎంత వేగం ఇస్తే అంత లోతుకు పోయి, ఆగే చోట తన శక్తిలో పెద్ద భాగం వదిలి అక్కడితో నిలిచిపోతుంది. మన దగ్గర మడికి నీళ్ళు కట్టేవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గట్టు తెగితే నీళ్ళు కింది మళ్ళన్నిటిలోకీ పారతాయి, అది ఎక్స్‌రే. గట్టు గట్టిగా ఉంటే ఆ మడిలోనే నిలుస్తాయి, కిందిది పొడిగా ఉంటుంది. పైన కాలువ తడిసినట్టు, గడ్డకు ముందున్న కండకు మాత్రం ప్రోటాన్‌లోనూ డోసు పడుతుంది.

పిల్లాడికి ఇది ఎందుకు ముఖ్యమంటే, మెడలోబ్లాస్టోమాలో గడ్డ ఉన్న చోటుకే కాకుండా మెదడు మొత్తానికీ, వెన్ను పొడవునా రేడియేషన్ ఇస్తారు. వీపు వైపు నుంచి ఎక్స్‌రే ఇస్తే అది వెన్ను దాటి ముందుకు పోయి థైరాయిడ్, గుండె, ఊపిరితిత్తులు, పేగులను తాకుతుంది. అరవై ఏళ్ళ మనిషికైతే సరే అనుకోవచ్చు. ఆరేళ్ళ వాడు ఇంకా అరవై ఏళ్ళు బతకాలి కదా, ఆ డోసు ఫలితం ఇరవై ఏళ్ళకో ముప్పై ఏళ్ళకో బయటపడొచ్చు. ప్రోటాన్ అయితే వెన్నెముక దగ్గరే ఆగిపోతుంది. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వాళ్ళు 59 మంది మెడలోబ్లాస్టోమా రోగులకు ప్రోటాన్ ఇచ్చి, ఏళ్ళ తరబడి గమనించి 2016లో ఫలితాలు వెల్లడించారు. ఐదేళ్ళకు నూటికి 83 మంది బతికున్నారు. అది ఎక్స్‌రేతో వచ్చే ఫలితంలాంటిదే. కానీ గుండె, ఊపిరితిత్తులు, పేగులకు ఆలస్యంగా వచ్చే నష్టం వాళ్ళలో కనిపించలేదు.

మీరు పట్టుకోవాల్సిన విషయం అదే. జబ్బు తగ్గించడంలో రెండూ దాదాపు సమానం. తగ్గాక పిల్లాడు ఎలా ఉంటాడన్న దాంట్లోనే తేడా. మీ స్నేహితుడితో "ప్రోటాన్ ఇప్పించకపోతే బిడ్డ దక్కడు" అని ఎవరైనా అని ఉంటే అది తప్పు, దయచేసి ఆ మాట ఆయన మనసులోంచి తీసేయండి. ప్రోటాన్‌తో అన్ని నష్టాలూ తప్పుతాయన్నదీ నిజం కాదు. ఎదిగే పిల్లల్లో వెన్నుపూస ఒకవైపు పెరిగి ఒకవైపు ఆగితే వెన్ను వంకర పోతుంది, అందుకని పూస మొత్తానికీ సమంగా డోసు పడేలా కావాలనే ఇస్తారు. కాబట్టి ఏ మిషన్ అయినా నడుము పొడవు కొంత తగ్గుతుంది. మెదడు మొత్తానికి ఇచ్చే భాగంలోనూ పెద్ద తేడా ఉండదు. తర్వాత గడ్డ చోటుకు ఇచ్చే డోసులో, చెవుల దగ్గర, ముందరి మెదడు దగ్గర తేడా వస్తుంది.

మన దేశంలో ప్రోటాన్ గురించి అడగాల్సిన చోట్లు ముఖ్యంగా రెండు. చెన్నై తరమణిలో అపోలో ప్రోటాన్ సెంటర్ 2019 జనవరిలో మొదలైంది, దక్షిణాసియాలో అదే మొదటిది. నవీ ముంబై ఖార్ఘర్‌లో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రి వాళ్ళ ఆక్ట్రెక్ అనే కేంద్రంలో 2023లో చికిత్సలు మొదలయ్యాయి. కడప స్టేషన్‌లో నిలబడి చూస్తే, అవే పట్టాల మీద ఒక కొస చెన్నై, ఇంకో కొస ముంబై. మనవాళ్ళకు చెన్నై అలవాటు కాబట్టి అటే చూస్తారు. నేనైతే రెండో వైపు కూడా ఈరోజే రిపోర్టులు పంపమంటాను. అది కేంద్ర అణుశక్తి విభాగం కింద నడిచే సంస్థ, అక్కడ పేదవాళ్ళకు జనరల్ కేటగిరీ ఉంటుంది. పిల్లల క్యాన్సర్ల కోసమే ఇంపాక్ట్ ఫౌండేషన్ అని టాటా మెమోరియల్‌కు సొంత విభాగం ఉంది. వాళ్ళు మందుల ఖర్చు, బస, తిండి, చదువు దాకా చూస్తారు. అక్కడ వెయిటింగ్ ఉంటే తేదీ ఎప్పుడు దొరుకుతుందో అడగండి, ఆ తేదీ మీ ఆరు వారాల గడువులో పడుతుందో లేదో చూడండి.

అక్కడ కుదిరితే వెళ్ళండి. కుదరకపోతే లీనాక్ మీద ఐఎంఆర్‌టీ కానీ వీమ్యాట్ కానీ. కిరణం మోతాదును ముక్కలు ముక్కలుగా మలిచి ఇచ్చే పద్ధతులివి. పాత కోబాల్ట్ మిషన్ రోజులతో పోలిస్తే వీటితో ఎంతో మెరుగ్గా కాపాడొచ్చు. ఇవి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, వేలూరు, తిరుపతిలో దొరుకుతాయి. ఆరోగ్యశ్రీ, ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, క్యాన్సర్ రేడియేషన్‌కు వర్తిస్తుంది, పక్క రాష్ట్రాల్లోనూ కొన్ని ఆస్పత్రులకు ఉంది. ఆస్పత్రిలో వైద్యమిత్ర అని ఒకరు కూర్చుంటారు, ముందు ఆయన్ని కలవండి. ఏ ఆస్పత్రి అయినా ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "పిల్లలకు తల, వెన్ను మొత్తం రేడియేషన్ మీరు తరచుగా ఇస్తుంటారా? మత్తు డాక్టరు రోజూ ఉంటారా?" మిషన్ ఎంత కొత్తదన్న దానికంటే ఈ ప్రశ్నకు వచ్చే జవాబు ముఖ్యం. ఏడాదికి ఒకరిద్దరికి ఇచ్చే చోట ఖరీదైన మిషన్ ఉన్నా నేనైతే నా మనవణ్ణి తీసుకెళ్ళను.

ఇప్పుడు అసలు లెక్క చెప్తాను. దీని కోసమే ఇంత రాస్తున్నాను.

జబ్బు తిరగబెట్టే రిస్క్ మామూలుగా ఉన్న పిల్లలకు సాధారణంగా 30 సిట్టింగులు ఉంటాయి. మొదటి 13 తలకూ వెన్నుకూ కలిపి, మిగతా 17 గడ్డ ఉన్న చోటుకు. వారానికి ఐదు రోజులు, శని ఆదివారాలు సెలవు. అంటే ఆరు వారాలు, 42 రోజులు. యూరప్‌లో పీనెట్-3 అనే ట్రయల్ జరిగింది, అందులో రేడియేషన్ ఎన్ని రోజుల్లో ముగిసిందో కూడా లెక్క చూశారు. 50 రోజుల్లోపు ముగిసిన పిల్లల్లో మూడేళ్ళకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు నూటికి 78 మందికి పైనే. 50 దాటినవాళ్ళలో 54 మందికి లోపే. మధ్యలో పడే ఖాళీలు ఎంత ముఖ్యమో ఈ లెక్క చెప్తుంది.

42కీ 50కీ మధ్య ఉన్నది ఎనిమిది రోజులు. పండగ సెలవులు, మిషన్ రిపేరు, రక్త కణాలు పడిపోయి ఆపిన రోజులు, జ్వరం వచ్చిన రోజులు అన్నీ ఈ ఎనిమిదిలోంచే పోవాలి. మీ డబ్బు మొదట కాపాడాల్సింది ఈ ఎనిమిది రోజులనే.

అవి ఎలా కారిపోతాయో నేను కళ్ళారా చూశాను. జమ్మలమడుగు వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం పిల్ల తాత దినాలకని శుక్రవారం సాయంత్రం బస్సెక్కింది. సోమవారం వస్తామన్నారు. తిరిగి వచ్చింది పదకొండో రోజున. తప్పెలా పడతాను, చావు ఇల్లు. కానీ అడిగితే తెలిసింది, ఇద్దరికి బస్సు చార్జీలు, చెన్నైలో గదికి రెండో నెల అడ్వాన్సు చేతిలో లేక ఆగారు. ఊళ్ళో అప్పు పుట్టేసరికి అన్ని రోజులు పట్టింది. అప్పటికి వాళ్ళ ఆస్పత్రి బిల్లు మొత్తం స్కీములో కట్టేసి ఉంది. చికిత్స ఉచితం, చికిత్స దగ్గరికి రావడానికే డబ్బుల్లేవు. ఇంకో పిల్లాడి విషయంలో తప్పు మా వైపు జరిగింది. నేను పనిచేసిన ఒకచోట సెలవులన్నీ వరుసగా వచ్చిన వారంలో శనివారం మిషన్ నడిపి ఆ రోజు పూడ్చాలని ప్లానులో రాశారు, డ్యూటీ చార్టులో ఎవరూ వేయలేదు. తండ్రి పిల్లాణ్ణి ఎత్తుకుని పొద్దున ఆరింటికే వచ్చి తాళం వేసిన తలుపు ముందు కూర్చున్నాడు. కాబట్టి సెలవు వచ్చిన ప్రతి వారం "ఈ రోజును ఎప్పుడు పూడుస్తారు?" అని అడగమని మీ స్నేహితుడికి చెప్పండి. అడిగితే ఎవరూ కోప్పడరు.

రోజులు పోయే ఇంకో దారి మత్తు. రేడియేషన్ నొప్పి పుట్టదు, కానీ ఒక మిల్లీమీటరు కూడా కదలకూడదు. తల కదలకుండా ముఖానికి మాస్కు చేస్తాం. తెల్లటి ప్లాస్టిక్ వల ఒకటి ఉంటుంది, దాన్ని వేడి నీళ్ళలో వేస్తే తడి గుడ్డలా మెత్తబడుతుంది. తీసి, తుడిచి, గోరువెచ్చగా ఉండగానే ముఖం మీద పరిచి అంచులు బల్లకు బిగిస్తాం. ఐదు పది నిమిషాల్లో ముక్కు, గడ్డం ఆకారంలో గట్టిపడుతుంది. పెద్దవాళ్ళకే ఊపిరాడనట్టు భయమేస్తుంది. నాలుగైదేళ్ళ లోపు పిల్లలు ఉండలేరు, వాళ్ళకు రోజూ మత్తు ఇవ్వాల్సిందే. రోజూ అంటే ముప్పై సార్లు. ప్రతిసారీ ముందు ఆరు గంటలు అన్నం, టిఫిన్ ఏమీ పెట్టకూడదు. నీళ్ళు ఎప్పటిదాకా తాగొచ్చో మత్తు డాక్టరు చెప్తారు, మామూలుగా రెండు గంటల ముందు వరకు.

ఒక పాపకు తెల్లవారుజామున ఐదింటికి వాళ్ళ జేజి నాలుగు బొరుగులు చేతిలో పోసింది. ఆకలని ఏడుస్తుంటే ఆ ముసలామె ప్రాణం ఒప్పలేదు. మత్తు డాక్టరు ఆ రోజుకు వద్దన్నాడు, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. ఆ రోజు పోయింది. మర్నాడు నేను జేజిని లోపలికి పిలిచి, మత్తులో ఉన్న పిల్లకు గొట్టం ఎక్కడ పెడతారో, వాంతి వస్తే ఏమవుతుందో చూపించి చెప్పాను. ఆ తర్వాత ఆమే కాపలా, పాప ముందు ఎవర్నీ నోరు కదపనివ్వలేదు. మీ స్నేహితుడి వెంట ఎవరు వెళ్తున్నా, తల్లిదండ్రులకే కాదు, వాళ్ళకూ ఈ సంగతి చెప్పాలి. మత్తు ఇచ్చే పిల్లలకు పొద్దున మొదటి స్లాటు అడగడం మర్చిపోవద్దు.

మీవాడికి ఆరేళ్ళు. మత్తు లేకుండా చేయగలిగే అంచున ఉన్నాడు. ప్రయత్నించి చూడాలి. నాకు ఎప్పటికీ గుర్తుండే పిల్లాడొకడున్నాడు, వాడికీ అంతే వయసు, తండ్రి ఆర్టీసీ కండక్టరు. మొదటి రోజు మాస్కు చూసి బల్ల కిందికి దూరాడు. రెండో రోజు తండ్రి తన ముఖానికి మాస్కు పెట్టించుకుని పడుకున్నాడు, పిల్లాడు నవ్వాడు. మూడో రోజు వాడు పడుకున్నాడు గానీ మేం తలుపు మూయగానే కాళ్ళు కొట్టుకోవడం మొదలుపెట్టాడు. లోపల ఎవరూ ఉండకూడదు, కెమెరాలో చూస్తూ మైకులో మాట్లాడతాం. తండ్రిని మా కన్సోల్ దగ్గర కూర్చోబెట్టి మైకు ఇచ్చాను. ఆయనకు ఏం మాట్లాడాలో తోచలేదు. కాసేపు ఆగి డ్యూటీలో అరిచినట్టే మొదలుపెట్టాడు: "కడప నుంచి చెన్నై, రైట్ రైట్... ఒంటిమిట్ట, ఒంటిమిట్ట దిగేవాళ్ళు..." ఒక్కో స్టాపుకు ఆగుతూ నందలూరు, రాజంపేట, కోడూరు, రేణిగుంట, పుత్తూరు. పిల్లాడు కదలకుండా విన్నాడు. నగరి వచ్చేసరికి ఆ విడత కిరణం అయిపోయింది. తర్వాత రోజూ అదే బస్సు. కదిలితే బస్సు బ్రేక్‌డౌన్ అని వాడే నియమం పెట్టుకున్నాడు. ముప్పై రోజుల్లో వాడికి ఒక్కసారి కూడా మత్తు ఇవ్వలేదు, ఒక్క రోజు కూడా పోలేదు.

ఇది ఉచితంగా దొరికే సాయం. ఇంట్లో ఇప్పటి నుంచే ఆట మొదలుపెట్టమనండి. మంచం మీద వెల్లకిలా పడుకుని, తల కింద మడిచిన తువ్వాలు పెట్టుకుని, ఒక కథ అయ్యేదాకా కదలకుండా ఉండటం. మొదటి రోజు రెండు నిమిషాలు, వారం తిరిగేసరికి పది నిమిషాలు. ఆపరేషన్ గాయం దగ్గర జాగ్రత్త.

మీ ఆరు లక్షల నలభై వేల సంగతికి వస్తాను. ప్రోటాన్ టాటాలో కుదిరినా, లీనాక్ స్కీములో కుదిరినా, ఈ డబ్బులో ఒక లక్షా యాభై వేలు ముందే తీసి విడిగా పెట్టండి. అది గది, తిండి, ఆటో, మందులు, రాకపోకలకు. మొత్తం ఒకేసారి చేతికివ్వకండి, వారం వారం పంపండి. నమ్మకం లేక కాదు. ఇలాంటి సమయంలో పాత అప్పులవాళ్ళు కూడా వాకిట్లోకి వస్తారు. గదికి అసలు డబ్బు పెట్టాల్సిన పని లేకుండా పోవచ్చు కూడా. సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ అని ఉన్నాయి, బయటి ఊళ్ళ నుంచి క్యాన్సర్ చికిత్సకు వచ్చిన పేద పిల్లల కుటుంబాలకు ఉచితంగా బస ఇస్తారు. 2006లో ముంబైలో మొదలై హైదరాబాద్, చెన్నై, వేలూరు లాంటి చోట్లకు వచ్చాయి. ఒక్కో కుటుంబానికి ఒక్కో గది, అందరికీ కలిపి వంటిల్లు. నేరుగా వెళ్తే తీసుకోరు, ఆస్పత్రి సోషల్ వర్కర్ సిఫారసు చేయాలి, కాబట్టి అడ్మిషన్ రోజే ఆ సోషల్ వర్కర్ ఎవరో కనుక్కోండి. రైల్లో క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళే ఒకరికి 75 శాతం రాయితీ. ఆస్పత్రి డాక్టరు సంతకం, ముద్ర ఉన్న ఫారం ఉండాలి. రక్త కణాలు పడిపోయి ఉన్న బిడ్డను జనరల్ పెట్టెలో తోసుకుంటూ తీసుకురావద్దు, థర్డ్ ఏసీ తీసుకోమనండి, ఎలాగూ ఉచితమే.

మిగతా దాదాపు ఐదు లక్షల్లో ఆస్పత్రికి ఏదైనా కట్టాల్సి వస్తే, పిల్లాడి రిజిస్ట్రేషన్ నంబరు రాసి ఆస్పత్రి ఖాతాకే నేరుగా కట్టండి, రసీదు గ్రూపులో పెట్టండి. ప్రోటాన్‌కే వెళ్ళేట్టయితే ఎస్టిమేట్ లెటర్ చేతికి రాగానే అదే రోజు ముఖ్యమంత్రి సహాయ నిధికి మీ ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా, ప్రధానమంత్రి సహాయ నిధికి ఎంపీ లేఖతో అప్లై చేయండి. సీఎం సహాయ నిధిలో చికిత్సకు ముందే ఆస్పత్రికి హామీ పత్రంగా ఇచ్చే ఎల్‌ఓసీ అడగండి, తర్వాత బిల్లులు పెట్టి తెచ్చుకునేది వేరు. వీటికి సమయం పడుతుంది, అందుకే ఎస్టిమేట్ రోజే అంటున్నాను. ఆన్‌లైన్ చందాల యాప్‌లో పెట్టేట్టయితే ఆ యాప్‌వాళ్ళు ఎంత కోత పెడతారో చదివి పెట్టండి. ఇంకొక్క మాట, నాది చాదస్తం అనుకున్నా సరే: కుట్లున్న గుండుతో పిల్లాడి ఫొటో గ్రూపుల్లో తిప్పకండి. వాడు రేపు బడికి వెళ్తాడు. పదేళ్ళ తర్వాత కూడా ఆ ఫొటో ఎవరో ఒకరి ఫోన్‌లో ఉంటుంది. డబ్బు అడగడానికి ఎస్టిమేట్ లెటర్ చాలు.

రేడియేషన్‌తో కథ అయిపోదు. తర్వాత నాలుగైదు వారాలు ఆగి కీమో మొదలుపెడతారు, అది దాదాపు ఏడాది నడుస్తుంది. చందాలు మొదటి నెలలో వస్తాయి, అవసరం ఎనిమిదో నెలలో పడుతుంది. అప్పటికి గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మలు తప్ప ఏమీ ఉండవు. అందుకే ఐదు లక్షల్లో సగమన్నా ఆ ఏడాది కోసం ముట్టుకోకుండా ఫిక్స్‌డ్‌లో వేయండి. కీమో నడిచేటప్పుడు రాత్రి పూట జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు, పారాసిటమాల్ వేసి చూద్దాం అనకూడదు, తెల్లరక్త కణాలు తక్కువున్న బిడ్డకు గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. మీ బ్యాచ్‌లో కార్లున్నవాళ్ళు ఇద్దరు రాత్రి పూట ఫోను ఎత్తుతామని మాటివ్వండి. ఏ ఆస్పత్రికి తీసుకెళ్ళాలో, అక్కడ ఎవరికి ఫోన్ చేయాలో ముందే కాగితం మీద రాసి ఆ ఇంటి గోడకు అంటించండి. ప్లేట్‌లెట్లు కావాల్సి వస్తాయి, మీలో రక్తం గ్రూపులు కలిసేవాళ్ళ పేర్లు పక్కనే రాయండి. ఈ మందుల్లో సిస్‌ప్లాటిన్ ఒకటి ఉంటే అది వినికిడి తగ్గిస్తుంది, రేడియేషన్ దానికి తోడవుతుంది. మొదలుపెట్టే ముందు ఒకసారి, మధ్యలో, తర్వాత వినికిడి పరీక్ష చేయించాలి. బడిలో వెనక బెంచీలో కూర్చుని పరధ్యానంగా ఉంటున్నాడని టీచరు కొడితే, వాడికి వినపడక అలా ఉన్నాడని ఎవరికీ తెలియదు. థైరాయిడ్, ఎదుగుదల హార్మోన్ పరీక్షలు ఏటా. వీటికి పెద్ద డబ్బు అవసరం లేదు, గుర్తు చేసేవాళ్ళు ఉంటే చాలు.

మీరు చివర్లో, ఈ ఒక్క బిడ్డతో ఆగకుండా ప్రోటాన్ కోసం బ్యాచ్ పేరుతో ఫండ్ పెడదామా అని కూడా అడిగారు. ప్రోటాన్ పేరు మాత్రం పెట్టకండి. పిల్లల్లో ఎక్కువగా వచ్చేది లుకేమియా, వాళ్ళలో చాలామందికి ఇప్పుడు రేడియేషనే అవసరం లేదు. కంటి క్యాన్సర్ రెటినోబ్లాస్టోమాలో, ముఖ్యంగా వంశంలో వచ్చే రకంలో, బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ వల్ల తర్వాత ఇంకో క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు వీలైనంత తప్పిస్తారు. ప్రోటాన్ నిజంగా కావాల్సిన పిల్లలు మన జిల్లాలో ఏడాదికి వేళ్ళ మీద లెక్కించేంతమంది ఉంటారేమో. మధ్యలో ఊరికి వచ్చేసి తిరిగి వెళ్ళలేకపోయే పిల్లలు అంతకంటే చాలా ఎక్కువ. ఫండ్ పెడితే బస్సు చార్జీలకు, గది అద్దెలకు పెట్టండి. అడిగిన రోజే ఇచ్చేట్టు పెట్టండి, కమిటీ మీటింగ్ అయ్యాక ఇచ్చేట్టు కాదు.

ఈ వారం చేయాల్సింది: ఆపరేషన్ నోట్సు, బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్‌కు ముందు తర్వాత తీసిన ఎమ్మారై సీడీలు, వెన్ను ఎమ్మారై, వెన్ను నీటి పరీక్ష ఉంటే అది, అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. రెండు చోట్లకు పంపి, "రేడియేషన్ ఏ తేదీన మొదలుపెట్టగలరు?" అన్న ఒక్క ప్రశ్నకు రాతలో జవాబు తెప్పించండి. ముందు తేదీ ఎవరిస్తే మొగ్గు అటు. బయాప్సీ రిపోర్టులో రిస్క్ గురించి ఏముందో చెప్తే, పిల్లల రేడియేషన్ బాగా తెలిసిన డాక్టర్లు ఎక్కడున్నారో చెప్తాను.

అన్నట్టు, మీ స్నేహితుడి ఆటో మీద ఫైనాన్స్ ఉందేమో ఇవాళే కనుక్కోండి. రెండు నెలలు ఆటో తిరగదు, కంతులు ఆగితే బండి పట్టుకుపోతారు. ఆయన తనంతట తానుగా ఆ మాట ఎత్తడు.